3550 మెట్లు, ఏడు తీసివేతలు, ఒక బడిపంతులు

అలిపిరి నడకదారిలో మెట్లు 3550. ఆ అంకెలతో మా ట్యూషన్ పిల్లలు ఈమధ్య ఒక ఆట పట్టారు. అవరోహణ క్రమంలో రాస్తే 5530, ఆరోహణలో 0355. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 5175. దానికీ అదే పని: 7551లోంచి 1557 పోతే 5994. తర్వాత వరుసగా 5355, 1998, 8082, 8532. ఏడో తీసివేతకు 6174. ఇక అక్కడి నుంచి కదలదు. 7641లోంచి 1467 తీసినా మళ్లీ 6174నే.

ఏడు కొండలకు ఏడు తీసివేతలు! లెక్క తేలగానే ఎనిమిదో తరగతి పాప ఒకతె పెన్ను పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. ఆ దణ్ణాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఈ సంఖ్యను వెతికి పట్టుకున్న మనిషి గురించి కూడా ఆ పాపకు తెలియాలి.

ఆయన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో మహారాష్ట్రలోని దహాణులో పుట్టారు. 1930 నుంచి 1962 దాకా నాసిక్ దగ్గర దేవళాలీలో బడిపంతులు. యూనివర్సిటీ ఉద్యోగం లేదు, గణితంలో పెద్ద డిగ్రీ లేదు. 6174 సంగతి ఆయన లోకానికి చెప్పింది 1949లో, మద్రాసులో జరిగిన గణిత సదస్సులో. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రావిన్సులోనే ఉంది. అంటే ఈ మాట మొదట వినిపించింది మన రాజధానిలోనే. ఇవి పిల్లకాయల లెక్కలని అప్పట్లో చాలామంది గణితవేత్తలు పట్టించుకోలేదు. 1975లో గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ఒక అమెరికా పత్రికలో రాశాకే ప్రపంచం ఆయన వైపు చూసింది. కాప్రేకర్ 1986లో కన్నుమూశారు.

పిల్లకాయల లెక్కా ఇది? లోపలికి వెళ్లి చూడండి. తీసివేత ఫలితం నాలుగు అంకెల మీద కాదు, రెండు తేడాల మీదే ఆధారపడుతుంది. అన్నిటికంటే పెద్ద అంకెకూ చిన్న అంకెకూ ఉన్న తేడాను 999తో, నడిమి రెండు అంకెల తేడాను 90తో హెచ్చించి కూడితే చాలు. 3550లో ఆ తేడాలు 5, 2. 4995కు 180 కలిపితే 5175, మనకు వచ్చిందదే. ఇలాంటి తేడాల జతలు మొత్తం 54 మాత్రమే. అంటే నాలుగూ ఒకే అంకె అయినవి పోగా మిగిలే 9990 సంఖ్యలు (ముందు సున్నాలున్నవీ కలిపి) మొదటి తీసివేతతోనే 54కు కుదించుకుపోతాయి. ఆ 54నీ ఒక ఆదివారం కూర్చుని చేత్తో చేసి చూడొచ్చు. అన్నీ 6174కే చేరతాయి, ఏడుకు మించి తీసివేతలు ఏ సంఖ్యకూ పట్టవు. మూడంకెలైతే 495 దగ్గర ఆగుతుంది. రెండంకెల్లో మాత్రం ఆగే చోటు లేదు: 63, 27, 45, 09, 81, మళ్లీ 63.

ఏడు తీసివేతలు పట్టేది 3550కి ఒక్కదానికే కాదు, ఆ 9990లో 2184 సంఖ్యలకు. అయిదింటిలో ఒకటి కంటే ఎక్కువే. ఇది చెబితే పాప మొహం చిన్నబోతుందని భయపడ్డాను. అందుకే ఇంకో సంగతి కూడా చెప్పాను. 6174 అంకెల మొత్తం 18. ఆ 18తో భాగిస్తే శేషం లేకుండా 343 వస్తుంది, అంటే ఏడును ఏడుతో హెచ్చించి, మళ్లీ ఏడుతో హెచ్చించినంత. ఇలా తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు హర్షద్ సంఖ్యలని, సంతోషాన్నిచ్చేవని, పేరు పెట్టింది కూడా కాప్రేకరే.

మర్నాడు పాప శ్రీవారి మెట్టు దారి లెక్క చేసుకొచ్చింది. అక్కడ మెట్లు 2388.

"అయిదే వచ్చాయి సార్" అంటూ నోటుబుక్కు నా ముందు పెట్టింది. 6444, 1998, 8082, 8532, 6174. ఒక్క తప్పు లేదు.