వరి ఊద అవ్వదండీ: అపోహలు – వాస్తవాలు

కిందటి సార్వాలో నాట్లు పడిన నెలకి ఓ రైతు ఫోన్ చేశారు. "ఏవండీ, నేను వేసింది స్వర్ణ వరి. చూస్తే సగం చేను ఊద కలుపే. విత్తనం మారిపోయిందంటారా?" అప్పటికే కౌలు డబ్బు కట్టేశారు, ఆ టెన్షన్ గొంతులో తెలుస్తోంది. ఏటా ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి.

చాలామంది అనుకున్నట్టు వరి ఊదగా మారదు. వరికి 24 క్రోమోజోములు, ఊదకి 54. రెండూ గడ్డి కుటుంబానివే కానీ ఉపకుటుంబాలు వేరు. పక్కపక్కనే పూసినా సంకరం కాదు. పక్క చేలో ఊద పుప్పొడి ఎగిరొచ్చి మా వరి చెడిందని గట్టు మీద తగాదా పడినవాళ్లని చూశాను. ఈ పుకారు ఎవరు మొదలుపెట్టారో కానీ మాటలు పోయాయి, పొత్తులు పోయాయి.

అసలు కొంప ముంచే మాట ఇంకొకటి: "వెన్ను తీశాక తెలుస్తుందిలే, అప్పుడు పీకుదాం." అప్పటికి ఊద, వరి తినాల్సిన ఎరువంతా తినేసి ఉంటుంది. వరి కోతకి రాకముందే గింజ రాల్చేస్తుంది, వచ్చే ఏటికి విత్తనం మళ్లీ సిద్ధం. పైగా దాన్ని నారుమడిలోంచి కట్టకట్టి తెచ్చి చేలో నాటింది మనమే.

ఆ రైతు నారుమడి మూల కాస్త నారు మిగిలితే పీకి చూపించాను. ఆకు తొడుగు దాటి విచ్చుకునే చోట మెల్లగా వంచి చూడండి. వరి అయితే అక్కడ తెల్లటి పల్చటి నాలుక నిలబడి ఉంటుంది, పక్కన నూగుతో చిన్న చెవులుంటాయి. ఊదకి నాలుకా లేదు, చెవులూ లేవు, బోడిగా ఉంటుంది. మొదలు ఎర్రగా ఉంటేనే ఊద అనుకోకండి. తరతరాలుగా ఎర్రవీ, నేల మీద పరుచుకునేవీ పీకేస్తూ వచ్చాం. పచ్చగా, నిటారుగా, వరిలా ఉన్నవి మన కళ్లు తప్పించుకుని గింజ రాల్చాయి. ఊదలో అంత జన్యు వైవిధ్యం ఉంది కాబట్టే అది సాధ్యమైంది. చైనాలో యాంగ్జీ నది పరివాహకంలోని ఊద జన్యువులు చదివి 2019లో ఇదే తేల్చారు, అక్కడ ఈ వేషం సుమారు వెయ్యేళ్ల నాడు మొదలైందట.

కలుపు మందు కొట్టినా ఊద చావకపోతే ప్రతిసారీ డూప్లికేట్ మందనుకోవద్దు. ఏటా ఒకే రకం మందు కొడితే తట్టుకున్న మొక్కల సంతతే మిగులుతుంది, మందు గ్రూపు మార్చండి, అంటే వేరే తీరులో పనిచేసే మందు వాడండి. కేళీల (చేలో కలిసొచ్చే వేరే రకం వరి) సంగతి వేరు, అవి వరి మొక్కలే కాబట్టి వాటికి నాలుక ఉంటుంది. ఇక ఉపవాసానికి వండుకునే ఊదలు ఈ కలుపుకి చుట్టాలే కానీ, సాగులో పెంచిన వేరే జాతి.

దాళ్వా నారు పోశాక ఆ రైతు వాళ్లబ్బాయి ఫోన్లోంచి ఓ ఫొటో పంపారు. గోటి మీద ఆకు మడత. "దీనికి నాలుక ఉన్నట్టా, లేనట్టా అండీ?"

లేదు. పీకెయ్యమన్నాను.