సోమవారం పొద్దున మొదటి దోసిలి

సోమవారం పొద్దున బడి తలుపులు తెరుచుకుంటాయి. పరుగెత్తుకొచ్చిన పిల్లాడు సంచీ దించీ దించకముందే కుళాయి విప్పి దోసిలి పడతాడు. ఆ దోసిట్లో పడ్డ నీళ్లు శుక్రవారం సాయంత్రం నుంచి గొట్టంలోనే నిలిచి ఉన్నవి. పాత భవనమై, గొట్టాల అతుకులకు సీసం కలిపిన టంకం పెట్టి ఉంటే, ఆ నీళ్లు అరవై గంటల పాటు సీసాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ కూర్చున్నట్టే. అయినా చూడ్డానికి తేటగానే ఉంటాయి. రుచీ మారదు, వాసనా రాదు.

బడి భవనాల్లో పొంచి ఉండే ప్రమాదాల మాట వస్తే నాకు ముందు ఈ దోసిలే గుర్తొస్తుంది. మిగతావీ చాలావరకు ఇలాంటివే. గోడలోనో, కప్పులోనో, గొట్టంలోనో కదలకుండా పడి ఉంటాయి. మనం రోజూ చేసే ఏదో ఒక చిన్న పని వాటిని తీసుకొచ్చి పిల్లల ఒంట్లోకి చేరుస్తుంది. ఆ పనిని మార్చుకోవడం మన చేతుల్లోనే ఉంది కనుకే ఇది రాయాలనిపించింది.

ముందు సీసం సంగతే చూద్దాం. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంటికి పడుతుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఎదిగే మెదడుకు అది చేసే చేటు మళ్లీ బాగుపడేది కాదు. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెబుతోంది. చాలామంది నీళ్లు కాచి ఇస్తే సరిపోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, సీసం మాత్రం పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది కూడా.

పరీక్ష చేయించడంలోనూ ఒక మెలిక ఉంది. కుళాయి విప్పి కాసేపు నీళ్లు పోనిచ్చి, ఆ తర్వాత సీసా నింపితే ఫలితం బాగానే వస్తుంది. పిల్లాడు తాగింది మాత్రం ఆ నీళ్లు కావు కదా! రాత్రంతా నిలిచిన గొట్టంలోంచి వచ్చే మొట్టమొదటి ధారనే పట్టాలి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ బడుల కోసం సూచించిన కొలత 250 మిల్లీలీటర్లు. పక్కపక్కనే ఉన్న రెండు కుళాయిల ఫలితాలు కూడా వేరువేరుగా రావచ్చు, అందుకే తాగే ప్రతి కుళాయినీ విడిగా చూడాలి. చెడ్డదని తేలినదాన్ని మార్చేదాకా, పిల్లలు రాకముందే నిలవ నీళ్లు పారబోయడం కొంత మేలు.

ఇక గాలి. మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు కాస్త పైన. కిటికీలు మూసిన గదిలో నలభై మంది కూర్చుంటే మధ్యాహ్నానికి ఆ అంకె 2,400 దాకా పాకడం తేలిక. అక్కడికి చేరిందంటే, పిల్లలు తీసుకునే ప్రతి ఇరవై శ్వాసల్లో ఒకటి అప్పటికే ఇంకొకరు పీల్చి వదిలిన గాలి అన్నమాట. ఒకరి జలుబు గదంతా అంటుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఉండదు. వెనక బెంచీల్లో ఆవలింతలు మొదలైతే పిల్లల్ని కసరడం కంటే ముందు కిటికీల వంక చూడాలి. 1858లోనే మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త, గది గాలిలో ఈ అంకెను 1,000 దాటనివ్వొద్దని కొలత పెట్టాడు. ఇప్పుడు ఈ అంకె చూపే, అరచేతిలో ఇమిడే మీటరు ఉంది. దాన్ని గోడకు తగిలించి, అంకె చూసి కిటికీ తెరిచే పని పిల్లలకే అప్పగిస్తే వాళ్లు పెద్దవాళ్లకంటే శ్రద్ధగా చేస్తారు. ఎదురెదురుగా రెండు తెరిస్తేనే గాలి ఆడుతుంది. బయట పొగ, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజున మాత్రం గదిలో ఫిల్టరు నడపడమే దారి.

చెమ్మ విషయంలో గడియారం చూసుకోవాలి. తడిసిన అట్ట, చెక్క, పైకప్పు పలకలు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకు అదే గండం. బూజు మీద రంగు పూస్తే కొన్నాళ్లకు మళ్లీ పైకి వస్తుంది. నీరు కారే చోటు వెతికి పూడ్చాలి. నేలలోంచి పైకి వచ్చే రేడాన్ వాయువు సంగతి కొలిస్తేనే తెలుస్తుంది, అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణం.

మంచి ఉద్దేశంతో చేసే పనులే నన్ను ఎక్కువ భయపెడతాయి. సెలవుల్లో బడికి రంగులు వేయిస్తారు. పెచ్చులూడుతున్న పాత రంగును పొడిగా గీకితే, అందులోని సీసమంతా దుమ్మై కిటికీ గుమ్మాల మీద పేరుకుంటుంది. తడిపి గీకాలి, తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టకూడదు. ఆస్బెస్టాస్ రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం దాని మానాన దాన్ని వదిలేయడమే క్షేమం. పటం తగిలించడానికి దానికి డ్రిల్లు పెట్టినప్పుడు లేచే ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లో దిగితే, ఆ జబ్బు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి ఆ పిల్లలకే పిల్లలుంటారు. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, ఆస్బెస్టాస్ ఉన్న ప్రతి బడిలోనూ మూడేళ్లకోసారి తనిఖీ చేయాలి, ఎక్కడెక్కడ ఉందో రాసి ఉంచాలి.

అలా రాసి ఉంచే పుస్తకం ప్రతి బడికీ ఉండాలి. ఏ కుళాయి ఫలితం ఎంత, ఏ గోడలో ఏముంది, ఏ కప్పు ఎప్పుడు కారింది. రాసేటప్పుడు గదులు ఊడ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, వాన పడ్డ మర్నాడు ఏ మూల తడుస్తుందో అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషికే. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. కొత్తగా వచ్చిన మేస్త్రీ డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందు చదివేలా, గుమ్మం పక్కన మేకుకు వేలాడదీయాలి.