క్రూజ్ ఓడ మీద తుప్పు కనబడితే ఎక్కొచ్చా? అపోహలు - వాస్తవాలు

విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు తిరిగింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు నాకు ఒకే రకం ఫొటోలు పంపుతున్నారు. లంగరు దగ్గర తుప్పు చార, బాల్కనీ రెయిలింగ్ కింద ఊడిన రంగు, ఓడ పక్కన గీతలు. కింద ఒక ప్రశ్న: "అన్నయ్యా, ఇది ఎక్కొచ్చంటావా?"

ఓడల మరమ్మతులో ఉక్కునీ రంగునీ తనిఖీ చేయడం నా పని. అలా వచ్చే ఫొటోల్లో భయపడాల్సినవి చాలా తక్కువ. నిజంగా చూడాల్సిన చోట్లను మాత్రం ఎవరూ ఫొటో తీయరు. ఎక్కడ చూడాలో తెలియకపోవడమే ఈ టెన్షన్‌కి కారణం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: బయట తుప్పు కనబడితే ఓడ లోపల కూడా పాడైపోయినట్టే

విశాఖ బీచ్ రోడ్డులోనో పెదవాల్తేరులోనో ఉండేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. కిటికీ గ్రిల్‌కి రంగు వేయించిన కొన్నాళ్లకే మూలల్లో తుప్పు లేస్తుంది. ఒడ్డున ఉన్న ఇంటికే అలా అయితే, రాత్రీపగలూ ఉప్పునీటిలో ఉండే ఓడకు అసలే రాకూడదనుకోవడం న్యాయం కాదు.

రంగు ఎక్కడ వేసినా పదునైన అంచుల మీద, వెల్డింగు గీతల మీద పల్చబడుతుంది. తడిగా ఉన్న పూత అంచు నుంచి వెనక్కి జరిగిపోతుంది. అందుకే స్ప్రే కొట్టే ముందు ఆ చోట్లన్నిటికీ బ్రష్షుతో విడిగా ఒక పూత వేయిస్తాం. దీన్ని స్ట్రైప్ కోట్ అంటాం. ఎంత జాగ్రత్తగా వేసినా మొదట తుప్పు లేచేది అక్కడే. లంగరు దగ్గరైతే గొలుసు దిగిన ప్రతిసారీ రంగును గీకేస్తుంది. డెక్ మీద నీళ్లు బయటికి పోయే రంధ్రాల కింద ఎప్పుడూ తడే. శనగగింజంత చోట రంగు ఊడితే చాలు, వానా అలలూ ఆ గోధుమరంగు మరకను మీటరు పొడవునా కిందికి లాగుతాయి. తెల్లటి ఓడ మీద అది భయంకరంగా కనబడుతుంది కానీ, కడిగి చూస్తే దాని కింద రంగు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది.

మరి వెంటనే రంగు వేసేయొచ్చు కదా అంటారు. వేయడానికి ఒక వరస ఉంది. ముందు తుప్పును చిప్పింగ్ చేసి, అంటే కొట్టి రాల్చి, తీయాలి, మంచినీళ్లతో ఉప్పు కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే ప్రైమర్. ఉప్పు మిగిలిపోతే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. ఇంకో నియమం, ఉక్కు ఉష్ణోగ్రత గాలిలోని మంచుబిందు స్థాయి (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకపోతే కంటికి కనబడని తేమ ఉక్కు మీద పట్టి ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో విశాఖ ఉదయాల్లో ఈ లెక్క తరచుగా కుదరదు. మా పనే మధ్యాహ్నం దాకా ఆగిపోతుంది. పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్లిపోయే క్రూజ్ ఓడకు ఆ తీరిక ఇంకా తక్కువ. సరంగు (డెక్ పనివాళ్ల పెద్ద), కళాసీలు కలిసి పొడవాటి కర్రలకు రోలర్లు కట్టి అందినంత మేర పూస్తారు. మిగతాది డ్రై డాక్ (ఓడను నీటి బయట నిలిపి మరమ్మతు చేసే చోటు) దాకా ఆగుతుంది.

నీటి కింది భాగానికి రంగుతో పాటు ఇంకో రక్షణ ఉంటుంది. జింకు, అల్యూమినియం దిమ్మలు బిగిస్తారు. ఉక్కుకు బదులు అవి కరిగిపోతాయి. పెద్ద ఓడల్లో చిన్న మోతాదు కరెంటు పంపి తుప్పును ఆపే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇవేవీ ప్రయాణికుడికి కనబడవు.

అయితే అన్ని తుప్పులూ ఒకటి కావు. మరక వేరు, పొరలు పొరలుగా ఉబ్బి పెచ్చులుగా రాలే తుప్పు వేరు. రెయిలింగ్ పాదం దగ్గర, నిచ్చెన మెట్టు అతుకు దగ్గర, లైఫ్‌బోటును వేలాడదీసే డేవిట్ చేతుల మీద అలాంటిది కనబడితే తేలిగ్గా తీసుకోవద్దు. పైన కొత్త రంగు నిగనిగలాడుతున్నా కింద ఎగుడుదిగుడుగా ఉబ్బి ఉంటే, తుప్పు తీయకుండా పూసేశారని అర్థం. నాకు తుప్పు చార కంటే అలాంటి కొత్త రంగు మీదే అనుమానం ఎక్కువ. ఏదేమైనా తేల్చేది అల్ట్రాసోనిక్ పరికరంతో తీసిన మందం కొలత. ఫొటో చూసి ఉక్కు ప్లేటు మందం చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు.

ఓడ పక్కన ప్లేటు లోపలికి నొక్కుకుని, లోపలి ఫ్రేముల గీతలు వరసగా కనబడితే గుద్దుకుందేమో అనుకుంటారు. వెల్డింగు చల్లారేటప్పుడు పల్చటి ప్లేటు లాగబడటం వల్ల కొత్త ఓడల్లో కూడా అలా ఉంటుంది. ముందు భాగంలో వృత్తంలో గీసిన ఇంటూ గుర్తు కూడా దెబ్బ తగిలిన చోటు కాదు. కింద థ్రస్టర్ (ఓడను పక్కకు నెట్టే ప్రొపెల్లర్) ఉంది, దగ్గరికి రావద్దని టగ్గులకు (ఓడల్ని లాగే పడవలకు), మిగతా పడవలకు చెప్పే గుర్తు.

అపోహ: పాత ఓడ ప్రమాదం, కొత్త ఓడ భద్రం

పైన చెప్పిన ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో కట్టిన ఓడ. ఆ ఏడాది చూసి చాలామంది వెనక్కి తగ్గారు. 1948లో తొలి ప్రయాణం చేసిన స్టాక్‌హోమ్ అనే ఓడ 1956లో ఆండ్రియా డోరియా అనే ప్రయాణికుల ఓడను గుద్దింది. ఆండ్రియా డోరియా మునిగిపోయింది. స్టాక్‌హోమ్ మాత్రం మరమ్మతులు చేయించుకుని, పేర్లు మార్చుకుంటూ, చివరికి ఆస్టోరియాగా 2020 దాకా ప్రయాణికులతో తిరిగింది. ఇటు చూస్తే వైకింగ్ స్కై 2017లో వచ్చిన ఓడ. 2019 మార్చిలో నార్వే దగ్గర తుఫానులో దాని ఇంజన్లు ఆగిపోయాయి. ట్యాంకుల్లో లూబ్రికేటింగ్ ఆయిల్ మట్టం తక్కువగా ఉండటం, దానికి ఓడ ఊగడం తోడవడం కారణమని దర్యాప్తులో తేలింది. వందలమందిని హెలికాప్టర్లతో దించాల్సి వచ్చింది. ఆ ఓడ మీద తుప్పు వెతికినా దొరికేది కాదు.

2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడలో జరిగింది మరింత చెప్పుకోవాల్సిన సంగతి. జనరేటర్ దగ్గర ఇంధనం తిరిగి వెళ్లే ఒక గొట్టం కారింది, ఇంజన్ గదిలో మంటలు లేచాయి. మంటలు ఆరాయి కానీ ఓడలో కరెంటు పోయింది. టాయిలెట్లు పనిచేయలేదు, ఏసీ లేదు. నాలుగు వేలమందికి పైగా జనం రోజుల తరబడి అలాగే ఉన్నారు, చివరికి టగ్గులు అమెరికాలోని మొబైల్ అనే ఊరి పోర్టుకు లాక్కొచ్చాయి. మరమ్మతు అంటే నేను ముందు తలుచుకునేది అలాంటి గొట్టాలనే. వాటిని వేళకు మార్చారా లేదా అన్నది పైపైన వేసిన రంగు చెప్పదు.

కొత్త ఓడకు ఒక నిజమైన మేలు ఉంది. 2010 జూలై 1 తర్వాత నిర్మాణం మొదలైన పెద్ద ప్రయాణికుల ఓడల్లో, ఒక చోట మంటలు వచ్చినా లేదా నీళ్లు చేరినా, నష్టం నిర్ణీత హద్దు దాటనంతవరకు మిగతా యంత్రాలతో సొంతంగా పోర్టుకు చేరగలిగేలా ఏర్పాటు ఉండాలి. ఆ తేడాను నేను గౌరవిస్తాను. అంతకు మించి, కట్టిన ఏడాది కంటే తనిఖీ చరిత్ర ముఖ్యం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడ భద్రతా సర్టిఫికెట్ 12 నెలలకే ముగుస్తుంది, ప్రతి ఏడాదీ సర్వే తప్పదు. అడుగుభాగాన్ని కూడా ఏటా చూడాలి. మామూలు నియమం ప్రకారం అయిదేళ్లలో కనీసం రెండుసార్లు నీటి బయటే చూడాలి. మిగతా ఏళ్లలో డైవర్లు నీళ్లలో చూస్తారు. సరుకు ఓడలకు ఇంత గట్టి లెక్క లేదు.

అపోహ: రాత్రి గదిలో కిర్రుమంటే ఓడ విరుగుతున్నట్టే

ఓడ అలల మీద కొద్దిగా వంగేలాగే కడతారు. చప్పుడు వచ్చేది ఉక్కు నుంచి కాదు, దానికి బిగించిన గది గోడల పలకలు, సీలింగ్ పలకలు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల. మీ గదిలో ఒకే చోట వస్తుంటే స్టీవార్డ్‌కి చెప్పండి. చాలాసార్లు సందులో చిన్న ప్యాకింగ్ పెడితే పోతుంది. వెనక భాగంలో గది తీసుకుంటే ప్రొపెల్లర్ అదురు, ముందు భాగంలో కింది అంతస్తు అయితే పోర్టులోకి వచ్చేటప్పుడు థ్రస్టర్ రొద ఉంటాయి. బుక్ చేసేటప్పుడే మధ్య గది అడగడం మేలు.

అపోహ: స్విమ్మింగ్ పూల్ ఖాళీ చేశారంటే అది పాడైంది

సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పూల్‌లో నీళ్లు అటూఇటూ కొట్టుకుని మనుషుల్ని దెబ్బతీస్తాయి, అందుకే ఖాళీ చేసి వల కడతారు.

అపోహ: డ్రై డాక్ నుంచి అప్పుడే వచ్చిన ఓడ అన్నిటికంటే బాగుంటుంది

నీటి కింద పనులకు, ప్రొపెల్లర్లకు, వాల్వులకు అయితే నిజమే. గదుల సౌకర్యం విషయంలో మొదటి ప్రయాణాన్ని నేను సిఫారసు చేయను. డాక్‌లో ప్రతి రోజుకీ ఖర్చు విపరీతంగా ఉంటుంది కాబట్టి తేదీ మారదు. కార్పెట్లు, ప్లంబింగ్, ఏసీ సర్దుబాట్లు మిగిలిపోతే కాంట్రాక్టర్లు ఓడతోనే ప్రయాణిస్తూ పూర్తి చేస్తారు. రంగు వాసన, మూసేసిన లిఫ్టు, ఒక గదిలో చలి, పక్క గదిలో ఉక్క. చిన్నపిల్లలతో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రెండు మూడు ప్రయాణాలు గడిచాక వెళ్లండి.

అపోహ: గదిలో సీలింగ్ నుంచి నీళ్లు కారితే సముద్రపు నీళ్లు లోపలికి వస్తున్నట్టే

ఎక్కువసార్లు అది ఏసీ నీళ్లు. బాల్కనీ తలుపు తెరిచి ఏసీ వేసుకుంటే మన తీరపు ఉక్కపోత గాలి లోపలికి వచ్చి, చల్లటి డక్టుల మీద, పైపుల మీద నీటి చుక్కలై దిగుతుంది. కార్పెట్ ముక్కిన వాసన రావడం, గోడ పలక ఉబ్బడం కూడా తరచుగా అక్కడ మొదలవుతాయి. తలుపు మూసి కొన్ని గంటలు చూడండి. అప్పటికీ కారుతుంటే పైపు లీకై ఉండొచ్చు, వెంటనే చెప్పాలి. తలుపు మూసుకోవడం మన చేతిలో పని కాబట్టే దీన్ని విడిగా రాశాను.

అపోహ: పోర్టులో లైఫ్‌బోటు నీళ్లలోకి దించుతున్నారంటే ఏదో జరిగింది

దించకపోతేనే ఆలోచించాలి. సిబ్బంది మూడు నెలలకు ఒకసారైనా ప్రతి బోటునూ నీళ్లలో దించి నడపాలి. దాని ఇంజన్ వారానికోసారి తిప్పి చూడాలి. బోటును మోసే ఇనుప తాళ్లు అయిదేళ్లకు మించి వాడకూడదు, అరిగితే ఇంకా ముందే మార్చాలి. రేవులో నిలబడి దాన్ని చూసే అవకాశం వస్తే కాసేపు చూడండి. హుక్కులు సాఫీగా విడిపోతున్నాయా, కళాసీలు తడబడుతున్నారా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ప్రమాదంలో 32 మంది చనిపోయాక, ప్రయాణికుల మస్టర్ డ్రిల్ (ప్రమాదంలో మస్టర్ స్టేషన్ అనే చోట అందరూ ఎలా చేరాలో నేర్పే అభ్యాసం) ఓడ కదిలే ముందు లేదా కదిలిన వెంటనే జరగాలని నియమం మార్చారు. 2015 నుంచి అదే అమలు. ఆ డ్రిల్‌కి సెల్ఫీలు తీసుకుంటూ వెళ్లకండి.

అపోహ: నిర్వహణ అంతా సిబ్బంది పని, మనకేం సంబంధం

2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీల మీద మంటలు లేచి వరసగా గదులకు పాకాయి. ఆరకుండా పడేసిన సిగరెట్ పీకే కారణమై ఉంటుందని దర్యాప్తు చెప్పింది. ఒకరు చనిపోయారు. బాల్కనీల్లో వాడే సామగ్రి, మంటలార్పే ఏర్పాట్ల నియమాలు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. మనవాళ్లు బాల్కనీ రెయిలింగ్ మీద తువ్వాళ్లు, చీరలు ఆరేస్తారు. గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వకు అవి చాలు. చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లనివ్వలేదని అలిగేవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గది తలుపు బరువుగా ఉండి దానంతటదే మూసుకుంటుంది. అది మంటను ఆపే తలుపు. పిల్లలు వస్తూపోతూ ఉంటారని కుర్చీ అడ్డం పెడితే దాని పని పోయినట్టే. టాయిలెట్లు గాలి ఒత్తిడితో లాగే రకం, ఒక్కోసారికి లీటరు నీళ్లు కూడా అటూఇటుగానే వాడతాయి. పైపులు సన్నం. డైపర్, తడి టిష్యూ వేస్తే ఇబ్బంది మీ ఒక్క గదికే పరిమితం కాదు, ఆ లైను మీద ఉన్న గదులన్నిటికీ.

ఎక్కిన మొదటి గంటలో నేనైతే ఇవి చూస్తాను. నా గది నుంచి మస్టర్ స్టేషన్‌కి వెళ్లే రెండు దారులూ తెరిచి ఉన్నాయా, వాటికి అడ్డంగా సామాను, లాండ్రీ బండ్లు ఉన్నాయా. ఫైర్ డోర్ వదిలితే గొళ్లెం పడేదాకా మూసుకుంటోందా. గదిలో లైఫ్ జాకెట్ పట్టీలు, లైటు, విజిల్ సరిగ్గా ఉన్నాయా, పిల్లల సైజు ఉందా. బాల్కనీ రెయిలింగ్ పాదం దగ్గర ఊపితే కదులుతోందా. వీటిలో ఏది తేడాగా ఉన్నా డెక్ నంబరు, గది నంబరు, టైముతో సహా గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పి, రాసుకున్నారని చూసుకుని రండి. మర్నాటికి బాగు కాకపోతే సేఫ్టీ ఆఫీసర్ దాకా పంపమని అడగండి, అది మర్యాద తప్పడం కాదు. ఓడ దిగాక కూడా సమాధానం రాని భద్రతా విషయమైతే, విశాఖలోనే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఉంది. పోర్టుకొచ్చే ఓడల్ని తనిఖీ చేసేది వాళ్లే, ఫొటోతో పాటు తేదీ, ఓడ పేరు రాసి వాళ్లకే ఇవ్వండి.