హామెల్న్ కథలోకి ఎలుకలు ఎప్పుడు వచ్చాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

జానపద సాహిత్యం పాఠాల్లో ఏటా ఒక తరగతి ఈ కథకే కేటాయిస్తాను. ఊరికి ఎలుకల బెడద, రంగురంగుల బట్టల్లో వచ్చిన వేణువు మనిషి, కూలి ఎగ్గొట్టిన ఊరి పెద్దలు, అతని వెంట వెళ్లిపోయిన పిల్లలు. కథ అందరికీ వచ్చు. దాని వెనుక నిజంగా ఏం జరిగిందంటే మాత్రం తలా ఒక జవాబు చెబుతారు.

అపోహ: ఇది గ్రిమ్ సోదరుల మాయాకథ.

వాస్తవం: వారు దీన్ని 1812 నాటి కథల సంపుటిలో కాక, 1816లో వెలువడిన జర్మన్ ఐతిహ్యాల సంపుటిలో చేర్చారు. 'అనగనగా ఒక ఊళ్లో' అంటే కథ. 'ఫలానా ఊళ్లో, ఫలానా రోజున' అంటే ఐతిహ్యం. ఈ ఊరు, హామెల్న్, జర్మనీలో వేజర్ నది ఒడ్డున ఇప్పటికీ ఉంది. రోజు 1284 జూన్ 26. వెళ్లిపోయినవారు 130 మంది. (ఇంగ్లీషు పద్యంగా చదువుకున్నవారికి 1376 అని గుర్తుండవచ్చు. అది 1842లో రాబర్ట్ బ్రౌనింగ్ వేసిన లెక్క.)

అపోహ: కథ ఎలుకలతోనే మొదలైంది.

వాస్తవం: పాత ఆధారాల్లో ఒక్క ఎలుకా లేదు! 15వ శతాబ్దం మధ్యనాటి ల్యూనెబుర్గ్ రాతప్రతిలో, ముప్పై ఏళ్ల అందగాడు ఒకడు మంచి బట్టలు వేసుకుని, వంతెన దాటి ఊళ్లోకి వచ్చి వెండి వేణువు ఊదుతాడు. 130 మంది పిల్లలు అతని వెంట నడిచి ఊరి బయట మాయమవుతారు. అంతే. బాకీ లేదు, పగ లేదు. ఎలుకలు చేరింది 16వ శతాబ్దం మధ్యలో, త్సిమ్మెర్న్ అనే జర్మన్ ప్రభువుల వంశచరిత్రలో. అంటే సుమారు 280 ఏళ్ల తర్వాత. పిల్లలు ఎందుకు వెళ్లారో పాత కథ చెప్పదు. ఆ ఖాళీ పూడ్చడానికి ఒక బాకీ, బాకీ పుట్టడానికి ఎలుకలు కావలసి వచ్చాయని నా అభిప్రాయం. హామెల్న్‌లో 1602-03లో కట్టిన ఇంటిని 'ఎలుకలు పట్టేవాడి ఇల్లు' అంటారు. దాని గోడ మీది శాసనంలో తేదీ ఉంది, రంగుల బట్టల వేణువు మనిషి ఉన్నాడు, 130 మంది పిల్లలున్నారు. ఇంటి పేరులోని ఎలుక మాత్రం గోడ మీద లేదు.

అపోహ: పిల్లలు ప్లేగుతో పోయారు.

వాస్తవం: ఐరోపాను ఊడ్చేసిన ఆ ప్లేగు జర్మనీ చేరేసరికి ఈ సంఘటన జరిగి అరవై ఏళ్లు దాటింది. ఎలుకలే లేని కథకు ఎలుకల జబ్బు అంటగట్టడం ఇది. యెరూషలేముకని పిల్లలు గుంపులుగా బయలుదేరారని చెప్పే 1212 నాటి 'పిల్లల శిలువ యాత్ర'తో ముడిపెట్టడం కూడా కుదరదు. అది 72 ఏళ్ల ముందటి మాట.

అపోహ: పిల్లలంటే పసివాళ్లే.

వాస్తవం: ఊళ్లో పుట్టి పెరిగినవారందరినీ 'ఊరి పిల్లలు' అనడం జర్మన్‌లో ఉంది. మనం అరవై ఏళ్ల నాయకుణ్ణి 'తెలంగాణ బిడ్డ' అనడం లేదూ? అలా చూస్తే వీరు వలస వెళ్లిన ఊరివాళ్లే కావచ్చు. ఆ కాలంలో తూర్పు భూముల్లో స్థిరపడడానికి జనాన్ని కూడగట్టి తీసుకుపోయే మధ్యవర్తులు ఉండేవారు. ఊరి కూడలిలో నలుగురినీ ఆకర్షించడానికి రంగుల బట్టలు, వాయిద్యం పనికొచ్చే సరంజామానే. 1227లో బోర్న్‌హోవెడ్ యుద్ధంలో డేన్లు (డెన్మార్క్ వారు) ఓడాక బాల్టిక్ సముద్రతీరం వైపు దారి తెరుచుకుంది. పేర్ల పుట్టుకను పరిశోధించే యుర్గెన్ ఉడోల్ఫ్, వేజర్ ప్రాంతపు పేర్లు బెర్లిన్‌కు ఉత్తరాన ప్రిగ్నిట్స్, ఉకర్‌మార్క్ ప్రాంతాల్లో మళ్లీ కనిపిస్తున్నాయని చూపారు. నేనూ ఇటే మొగ్గుతాను. పిల్లలు ట్రాన్సిల్వేనియాలో (ఇప్పటి రొమేనియాలోని ప్రాంతం) తేలారన్న ముచ్చట నిలవదు. అక్కడి జర్మన్ల వలస 12వ శతాబ్దంలోనే మొదలైంది.

ఒక ముల్లు మాత్రం మిగిలే ఉంది. బతుకుతెరువుకు వెళ్లినవారి కోసం ఊరు ఇన్ని శతాబ్దాలు దుఃఖిస్తుందా? పిల్లలు నడిచి వెళ్లారని చెప్పే వీధి పేరు బుంగెలోజన్‌ష్ట్రాసె, అంటే డోలు మోగని వీధి. పెళ్లికూతురిని మేళతాళాలతో చర్చికి తీసుకువెళ్తున్నా, ఆ వీధి దాటేదాకా వాయిద్యాలు ఆపాల్సిందేనని గ్రిమ్ సోదరులు రాసిపెట్టారు.