నీళ్లలో దిగితే ఒంటికెందుకొస్తుంది?

మా మేనల్లుడిది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే జిల్లా. అక్కడ పుట్టినవాడు బెంగుళూరులో ఉద్యోగం దొరకగానే అండమాన్ పోయి స్కూబా డైవింగ్ చేసొచ్చాడు. వచ్చేసరికి రెండు కళ్లూ నెత్తురు చిమ్మినట్టున్నాయి. మా అక్క ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. పది రోజులకు ఎరుపు పోయింది, పేరు మిరపకాయలకు దక్కింది. లోతుకు పోయేకొద్దీ మాస్కులోని గాలి కుంచించుకుపోయి కంటిని లాగుతుంది, కంటిపొరలో సన్నటి రక్తనాళాలు చిట్లుతాయి. దిగేటప్పుడు ముక్కుతో కాస్త గాలి మాస్కులోకి వదిలితే ఏమీ కాదు. చెప్పారట, టెన్షన్‌లో మర్చిపోయాడట.

వాడి అసలు బాధ కళ్లు కాదు. రాత్రి అందరూ పడుకున్నాక మిద్దె మీదికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: "మామా, నీళ్లలో ఉన్నంతసేపూ ఒంటికి ఒకటే వస్తాండె. నేను భయపడినట్టా?"

పడవెక్కే ముందు రెండు కొబ్బరి బోండాలు తాగాడు. అరగంటకల్లా ఓర్చుకోలేకపోయాడు. నీటి కింద మాట్లాడలేం, నేర్పిన సైగల్లో దీనికి సైగ లేదు. అప్పటికే ఒకసారి బాగుందని బొటనవేలు ఎత్తి నవ్వులపాలయ్యాడు. డైవర్ల సైగల్లో దానర్థం 'పైకి పోదాం' అని. ఇక దిక్కులేక, ఒకటో తరగతి పిల్లాడిలా చిటికెన వేలు చూపించాడు. ట్రైనర్‌కు అర్థమైంది. అతని నోటి దగ్గర బుడగలు గుప్పున లేచాయి, నవ్వన్నమాట. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి చూపించాడు: సరే, కానీ.

భయం కాదురా, అది గుండె చేసిన పని అన్నాను. కడపలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నోరు, అడిగితే ఆగదు.

పైనున్న నీటి బరువు మూత్రాశయాన్ని నిమ్మకాయలా పిండుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపయ్యే మాట నిజమే. కానీ లోపల ఉన్నదీ ద్రవమే, చుట్టూ ఉన్న కండా సగానికి పైగా నీరే. అన్నివైపులా ఒకేలా నొక్కితే పిండడమనేది ఉండదు. అసలు కిటుకు వేరే ఉంది.

బస్టాండులో అమ్మే నీళ్ల ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. పై మూల పట్టుకొని వేలాడదీయండి. కింద బొజ్జ వస్తుంది, పైన మెడ సన్నబడుతుంది. నేలమీద నిలబడ్డ మనిషీ అంతే, రక్తం కాళ్ల సిరల్లోకి దిగి ఉంటుంది. ఇప్పుడు ప్యాకెట్‌ను అలాగే పట్టుకొని బక్కెట్టు నీళ్లలోకి దించండి. బొజ్జ మాయం! లోపలి నీరు ఎంత బలంగా బయటికి తోస్తోందో, బయటి నీరు అంతే బలంగా లోపలికి నెడుతోంది. లెక్క కూడా చూడండి. కదలకుండా నిలబడ్డ మనిషికి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం. ఛాతీలోతు నీళ్లలో నిలబడితే పాదాల మీద 1.2 మీటర్ల నీరు, అంటే సుమారు 88. సరికి సరి! ప్యాకెట్‌ను బల్లమీద అడ్డంగా పడుకోబెట్టినా బొజ్జ ఉండదు. డైవర్ ఈదేది ఎలాగూ అడ్డంగానే.

మరి బొజ్జలోని సరుకు ఎక్కడికి పోయింది? ఛాతీలోకి. మెడదాకా మునిగితే సుమారు 700 మిల్లీలీటర్ల రక్తం కాళ్ల నుంచీ పొట్ట నుంచీ అక్కడికి చేరుతుంది. గుండెకు కళ్లు లేవు, నీళ్లలో ఉన్నామని దానికి తెలీదు. దానికి తెలిసేది పై గదుల గోడలు సాగుతున్నాయని మాత్రమే. చెరువు నిండిందనుకొని మరవ వదులుతుంది. నిజానికి చెరువులో ఒక్క బొట్టూ పెరగలేదు, దిగువన ఉన్న నీరు ఎగువకు జరిగిందంతే. సాగిన గోడల్లోంచి ఏఎన్‌పీ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఉప్పునూ నీటినీ బయటికి పంపమని కిడ్నీలకు చెబుతుంది. మరోపక్క, నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ తగ్గుతుంది. చలికి చర్మంలోని నాళాలు ముడుచుకొని ఇంకొంచెం రక్తాన్ని లోపలికి తోస్తాయి.

1981లో అడోల్ఫో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఎలుక గుండె పై గదుల సారం తీసి వేరే ఎలుకలకు ఎక్కించాడు. నిమిషాల్లో వాటికి మూత్రం పోటెత్తింది. పంపు అనుకున్న గుండె గ్రంథి కూడా అని తేలింది. మన పాఠాల్లో గుండె ఒక అధ్యాయం, కిడ్నీ ఇంకో అధ్యాయం. రెండూ మాట్లాడుకుంటాయని చెప్పేవాళ్లేరి? నేనూ చెప్పలేదు. నెఫ్రాన్ బొమ్మ వేయించి మార్కులేశాను.

ఇందుకు సముద్రమే అక్కర్లేదు. చిన్నప్పుడు నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకొని మా కపిల బావిలో ఈత నేర్చుకునే పిల్లలందరికీ ఇదే అవస్థ. బావిలో పోస్తే గంగమ్మ కళ్లు పీకేస్తుందని మా అవ్వ బెదిరించేది. ఆ నీళ్లే తాగేవాళ్లం కాబట్టి ఆ మూఢనమ్మకాన్ని నేనేమీ అనను. కానీ గట్టెక్కి చెట్టుచాటుకు పరుగెత్తినవాణ్ణి "పిరికి నాయాలా" అని మా తాత ఎగతాళి చేశాడే, అదే అన్యాయం.

నీళ్లు లేకపోయినా కాళ్లు పైకెత్తి పడుకుంటే రక్తం ఛాతీకే జారుతుంది. 1961 మే 5న అంతరిక్షానికి పోవాల్సిన అలెన్ షెపర్డ్ సరిగ్గా అలాగే వెల్లకిలా, కాళ్లు పైకి పెట్టుకొని, రాకెట్ కొనన నాలుగు గంటలకు పైగా ఎదురుచూశాడు. ప్రయాణం పదిహేను నిమిషాలే కదా అని ఆ ఏర్పాటేమీ చేయలేదు. చివరికి అడిగి, ఒప్పించుకొని, సూటులోనే కానిచ్చాడు. ఆ తర్వాతే అంతరిక్షం చూసిన తొలి అమెరికన్ అయ్యాడు.

ఇది చెప్పాక వాడి ముఖం తేటపడింది. "ఐతే ఈసారి నీళ్లు తాగకుండా దిగుతా" అన్నాడు. వద్దన్నాను. మరవ ఎలాగూ పారుతుంది, ఎండిపోయిన ఒంటితో లోతుకు పోవడం ఇంకా చేటు. కాఫీ, బోండాలు తగ్గించు, పడవెక్కే ముందు ఒకసారి పోయిరా, తప్పకపోతే సూటులోనే కానిచ్చి కాలరు లాగి నీళ్లు ఆడనీ అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మామా, అది అద్దె సూటు" అన్నాడు.