అలుగు చుట్టుకుంటే కుక్కలు ఏమీ చేయలేవా? అపోహలు - వాస్తవాలు

అలుగు అంటే ఒంటి మీద పొలుసులుండి, చీమలు తిని బతికే అడవి జంతువు, ఇంగ్లీషులో పాంగోలిన్. నల్లమల అంచు ఊళ్ల నుంచి రాత్రిపూట ఫోన్ వస్తే చాలాసార్లు మాట ఒకటే. "డాక్టర్ గారూ, కుక్కలు అలుగును చుట్టుముట్టాయి. ఉండలా చుట్టుకుపోయింది, దానికేం కాదులెండి. పొద్దున రండి." నా చేతుల్లో పోయిన అలుగుల్లో ఎక్కువ ఈ ఒక్క నమ్మకం వల్లే పోయాయి.

అపోహ: చుట్టుకున్న అలుగును కుక్కలు ఏమీ చేయలేవు.

వాస్తవం: చిరుతపులి ఆకలి మీద వస్తుంది. కాసేపు దొర్లించి, పన్ను దిగకపోతే చాలాసార్లు వదిలేసి పోతుంది. ఊరకుక్కకు ఆ తొందర లేదు. నాలుగు కలిశాయంటే గంటల తరబడి మొరుగుతూ, తోక కొస పట్టి లాగుతూనే ఉంటాయి. పొలుసులు వీపుకీ తోకకీ రక్షణ. మొహం, పొట్ట మెత్తటి చర్మమే. సందు దొరికితే పన్ను దిగుతుంది. పైకి చిన్న గాటే, లోపల చీము. గాయం లేకపోయినా ఆ టెన్షన్‌కే తిండి మానేసి రెండు మూడు రోజుల్లో పోయినవి ఉన్నాయి.

అలుగుకు పళ్లు లేవు, కరవలేదు. గోళ్లు పుట్టలు తవ్వడానికి. ఫోన్లలో తిరిగే వీడియోలో తోక ఆనించి, వెనక కాళ్ల మీద లేచి, గోళ్లతో కొట్టేది దక్షిణ అమెరికా టమాండువా. అదీ చీమలు తినేదే గానీ మన అలుగుకు చుట్టం కాదు. మనది బుసకొడుతుంది, కంపు వదులుతుంది, పొలుసులు నిక్కించి బిగుసుకుంటుంది. దానికున్న బలం అంతే.

ఒకసారి వేరుశనగ చేలోకి వెళ్లేసరికి ఎండ ఎక్కింది. చుట్టూ నెత్తురు. తన కుక్క చంపేసిందని, కేసవుతుందని ఆ రైతు వణికిపోతున్నాడు. చూస్తే నెత్తురు కుక్కదే, పొలుసు అంచుకు పెదవి తెగింది. అప్పటికే అలుగు బతికుందో లేదోనని ఒకరు కర్రతో విప్పబోయారు, ఇంకొకరు బిందెడు నీళ్లు పోశారు. దయచేసి ఈ రెండూ చేయకండి. బలవంతంగా విప్పితే దెబ్బ తగులుతుంది, నీళ్లు ముక్కులోకి పోతాయి. అందరినీ దూరం పంపి, గోనెపట్టా నీడ కట్టి కూర్చున్నాను. 40 నిమిషాలకు ముక్కు కొస బయటికొచ్చింది. తరవాత పొట్ట దగ్గర్నుంచి ఒక పిల్ల, పొలుసులు ఇంకా గట్టిపడలేదు. తల్లి అంతసేపూ బిగుసుకున్నది దాని చుట్టూ.

కుక్కలను కట్టేయండి, జనాన్ని పక్కకు పంపండి, అప్పటికప్పుడే అటవీ శాఖకు ఫోన్ చేయండి. కుక్క తరిమిందని చెప్పడం నేరం కాదు, భయపడకండి. పట్టుకుని దాచడం, పొలుసులు తీసుకోవడం నేరం. అలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు.

పొలుసులో మందు ఉందంటారు. మన గోరు ఏ పదార్థమో అదీ అదే. గోరు అరగదీసి తాగుతారా? శవాలు తవ్వి తింటుందనేదీ అబద్ధం, దాని తిండి చీమలు, చెదపురుగులు.

అలుగును పట్టిన కుక్కకు విషం ఎక్కుతుందని కూడా అడుగుతుంటారు. అలుగులో విషం లేదు. మూతి తెగితే అది కోత, కడిగి పశువుల డాక్టరుకు చూపించండి. ఆ రైతు కుక్కకు మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు కాపలాకు వెళ్తే దాన్ని మంచెకే కట్టేస్తున్నాడు.