రాతె దారిలో రాళ్లు: ఒక చిన్న ఊరి యుద్ధ స్మారకాల వెనక కథ

ఫిన్లండ్ తూర్పు సరిహద్దును ఆనుకుని, అడవుల మధ్య సువోముస్సల్మి అనే మున్సిపాలిటీ ఉంది. జనాభా ఎనిమిది వేలు కూడా ఉండదు. అంత చిన్న చోట అన్ని యుద్ధ స్మారకాలు ఎందుకున్నాయో తెలియాలంటే 1939 నవంబరు 30కి వెళ్లాలి.

సోవియట్ సైన్యం సరిహద్దు దాటింది ఆ రోజే. ఈ వైపు వచ్చిన దళాలు ఔలు పట్టణందాకా చేరితే ఫిన్లండ్ నడిమికి రెండు ముక్కలైపోయేది. ముందుగా వచ్చిన 163వ డివిజన్ సువోముస్సల్మిలో చిక్కుకుంది. దానికి సాయంగా బయల్దేరిన 44వ డివిజన్, సరిహద్దు నుంచి సువోముస్సల్మికి వచ్చే రాతె దారిలో ఇరుక్కుపోయింది. ఉన్నది ఒకటే సన్నటి రోడ్డు. రెండు పక్కలా అడవి, లోతైన మంచు, మైనస్ 40కి చేరువైన చలి. లారీలు, ఫిరంగులు ఆ రోడ్డు దిగి కదల్లేవు. స్కీల మీద తిరిగే ఫిన్నిష్ సైనికులు ఆ బారును ఎక్కడికక్కడ తెంచేశారు. 1940 జనవరి మొదటి వారం దాటేసరికి 44వ డివిజన్ పని అయిపోయింది.

ఫిన్లండ్‌లో స్మారకం అంటే మొదట గుర్తొచ్చేది విగ్రహం కాదు, చర్చి పక్కనుండే వీరుల సమాధులు. చనిపోయిన సైనికుణ్ణి వీలైనంతవరకు సొంతూరికి పంపడం ఆ సైన్యం పెట్టుకున్న పద్ధతి. అందుకే దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకేలాంటి చిన్న రాళ్లు వరసగా కనిపిస్తాయి. క్రిస్మస్ ముందురోజు చీకటి పడేవేళ ఇంటిల్లిపాదీ వచ్చి మంచులో కొవ్వొత్తులు వెలిగించి పోతారు.

ఆ చలికాలపు యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌తో ఫిన్లండ్ మరోసారి యుద్ధం చేసింది. 1944లో అదీ ముగిశాక పరిస్థితి మారింది. ఓడి, భూమి పోగొట్టుకుని, అదే పొరుగుదేశంతో సర్దుకుని బతకాలి. మాస్కోకి కోపం వచ్చే మాట బయటికి రాకూడదు. ఈ ఊరికి ప్రఖ్యాత వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో గీసిచ్చిన స్మారకం ఒక కంచు జ్వాల. తుపాకీ పట్టిన సైనికుడు లేడు, గెలుపు మాట లేదు. ఆ కాలానికి అదే సరిపోయిందని నాకనిపిస్తుంది. సరిహద్దు పల్లెల్లో సోవియట్ గెరిల్లాలు మామూలు జనాన్ని చంపిన సంగతైతే కొన్ని దశాబ్దాలపాటు గట్టిగా మాట్లాడుకోనే లేదు.

సోవియట్ యూనియన్ కూలాకే నోళ్లు విప్పే వీలు దొరికింది. విచిత్రమేమిటంటే, అప్పుడు రాతె దారిలో వెలిసిన వాటిలో శత్రువుల స్మారకాలూ ఉన్నాయి. సామూహికంగా పూడ్చిపెట్టిన ఎర్రసైన్యం వాళ్ల కోసం రష్యా తరఫున ఒకటి లేచింది. 44వ డివిజన్ ఉక్రెయిన్ నుంచి వచ్చింది కాబట్టి ఉక్రెనియన్ల పేరున మరొకటి విడిగా లేచింది. అప్పట్లో ఆ తేడాని బయటివాళ్లు పెద్దగా పట్టించుకోలేదేమో. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తాక అది కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2003లో శిల్పి ఎర్కి పుల్లినెన్ చేసిన 'చాచిన చేతులు' ఇదే దారిలో ఉంది. దానికి 105 గంటలు వేలాడతాయి. ఆ చలికాలపు యుద్ధం సాగింది 105 రోజులు కదా, రోజుకో గంట. చుట్టూ మైదానం నిండా వేల బండరాళ్లు, రెండు వైపులా చనిపోయినవాళ్ల కోసం. ఏ రాయి ఎవరి సైనికుడిదో దానిమీద రాసిలేదు. గాలి వీస్తే గంటలు మోగుతాయి.